మలుపు దాకా వినపడే సైలెన్సర్

బొమ్మనహళ్ళి,
మే 11.

తమ్ముడు మునీంద్రకు,

మీ అక్క రంజిత రాసేది. క్షేమమని రాయడం వాడుక కాబట్టి నేను, పాప క్షేమం అని రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నా ఫోను మీ బావ చూస్తాడు. ఎవరు చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఏం మెసేజ్ పెట్టారు, అన్నీ చూస్తాడు. చూసి ఊరుకోడు, ఒక్కోదానికీ నేను జవాబు చెప్పుకోవాలి. అందుకని కింది ఇంటి మునివెంకటమ్మ చేతికిస్తున్నాను. ఆమె గార్మెంట్ యూనిట్‌కు పోయే దారిలో పోస్టు డబ్బా ఉంది. నువ్వు కూడా ఆమె పేరునే రాయి. ఫోన్లో మాత్రం ఈ మాట ఎత్తకు.

విషయమేమిటంటే, బావ కొన్న పాత హోండా సిటీకి సైలెన్సర్ మార్చాలంటున్నాడు. ఉన్నది తుప్పుపట్టి చిల్లి పడింది. బొమ్మసంద్రలో ఆయన ప్లాంటువాళ్ళు కొందరు కార్లకు ఏవేవో పైపులు వేయించుకున్నారట. ఇక ఈయన అన్నం తింటూ కూడా ఫోన్లో వాటి వీడియోలే. ఒకటి గుర్రుమంటుంది, ఒకటి బుసకొడుతుంది, ఒకటి దగ్గుతుంది. నేనూ పాపా కూడా వినాలి, విని బాగుందనాలి. చివరికి, "సైలెన్సర్ అంగడి పెట్టుకున్న బావమరిది ఉండంగా బయటోడు ఎందుకు" అన్నాడు. ఈ వారంలో నీకు ఫోన్ చేస్తాడు. ఏది వేస్తే మంచిదని నిన్నే అడుగుతాడు.

నువ్వు అన్నిటికంటే పెద్ద సౌండు ఉన్నది చెప్పు. మా వీధి మలుపులో చికెన్ అంగడి ఉంది కదా, కారు అక్కడికి రాగానే మూడో అంతస్తులో ఉన్న నాకు వినపడాలి. ఇప్పుడున్న చిల్లి పుణ్యాన వినపడుతోంది. కొత్తది మెత్తగా వస్తే వినపడదు. షిఫ్టులు మారాయి, ఆయన ఎప్పుడొస్తాడో తెలియడం లేదు. మలుపు దగ్గరే తెలిస్తే, ఆయన కారు నిలిపి మెట్లెక్కేలోపు నేను చేసుకునే పనులు కొన్ని ఉన్నాయి. ఏం పనులని అడగకు.

ఏనాడూ నిన్ను ఏమీ అడగలేదు. ఇది చేసి పెట్టు.

మీ అక్క,
రంజిత


చింతామణి,
మే 19.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అంగడి అడ్రసుకు వచ్చింది. ఏ బ్యాంకు నోటీసో అనుకుని భయపడి, నీ అక్షరాలు చూసి బతికిపోయాను. చదివాక మాత్రం నవ్వు ఆగలేదు. పాప బడికి పోయేంతదైనా, మొగుడి కారు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నావా? మలుపు దగ్గరే వినపడితే ఏం చేస్తావు, హారతి పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడతావా? మా ఇంటావిడకు చెబుతాను, చూసి నేర్చుకోమని.

ఇక పని మాట. అక్కా, పెద్ద సౌండుది పెట్టుకునేవాడు తెలివి తక్కువవాడు. దాని లోపల ఏమీ ఉండదు, ఉత్త గొట్టం. పొగతో పాటు చప్పుడు కూడా తిన్నగా బయటికి తన్నుకొస్తుంది. మంచి సైలెన్సర్‌లో చిల్లులు వేసిన గొట్టం ఉంటుంది, దాని చుట్టూ దూదిలాగా గాజు పీచు చుడతాం. చప్పుడంతా ఆ పీచులో ఇంకిపోతుంది. పైగా మీ హోసూరు రోడ్డులో పోలీసులు అలాంటి కారు కనబడితే వదలరు. నడిరోడ్డులో పీకించి పారేయిస్తారు. బావకు ఆ అవమానం నా చేతుల మీదుగా జరగనివ్వను. స్టెయిన్‌లెస్ స్టీలుతో నేనే సొంతంగా చేసి వేస్తాను. ఇంజను ఆన్‌లో ఉందో లేదో తాళం చూసి తెలుసుకోవాలి, అంత మెత్తగా ఉంటుంది.

బావ ఫోన్ చేశాడు. ఎంత మర్యాద అక్కా ఆయనది! "నువ్వు ఏది సెప్తే అదేనప్పా మునీ, నాకేం తెల్సు" అన్నాడు. అంత చదువుకుని, ప్లాంటులో సూపర్‌వైజర్ అయ్యుండి, గ్రీజు చేతుల వాణ్ణి నన్ను పట్టుకుని ఆ మాట అన్నాడు. అమ్మ మోకాళ్ళు కూడా అడిగాడు. ఇలాంటి అల్లుడు మన వీధిలో ఇంకో ఇంటికి లేడని అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది.

మెత్తనిదే వేస్తాను. నీకు ముందుగా తెలియాలంటే బావనే ఫోన్ చేసి రమ్మను.

నీ తమ్ముడు,
మునీంద్ర


బొమ్మనహళ్ళి,
జూన్ 2.

మునీ,

మర్యాదగా మాట్లాడతాడు, నిజం. ఆ మర్యాద మెట్ల దాకా ఉంటుంది.

ఏం పనులని అడగకన్నాను. నువ్వు హారతి పళ్ళెం అన్నావు కాబట్టి రాస్తున్నాను. మలుపు దగ్గర కారు వినపడగానే పాపను పై ఇంటికి పంపిస్తాను. అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పెట్టేస్తాను. మునివెంకటమ్మ తెచ్చిచ్చే జాకెట్లు కుడుతుంటే వాటిని బియ్యం డ్రమ్ము వెనక తోసి మిషను మీద దుప్పటి కప్పుతాను. గడియ తీసి ఉంచుతాను, తలుపు తీయడం ఆలస్యమైతే దానికొక గలాటా. తర్వాత మొహం కడుక్కుంటాను. ఏడ్చినట్టు ఉండకూడదు, నవ్వినట్టూ ఉండకూడదు.

పోయిన వారం ఆయన కారు వదిలి ఎవరిదో బండి మీద వచ్చాడు. నాకు వినపడలేదు. అమ్మతో మాట్లాడుతూ ఉన్నాను, మన పక్కింటి మారెమ్మ మేక అంగడిలో దూరిన సంగతి చెబుతుంటే నవ్వుతున్నాను. "ఎవరితో అంత నవ్వు?" అని వెనక నుంచి వినపడింది. ఫోను గోడకు తగిలింది, తర్వాత నా ఎడమచెయ్యి. మణికట్టు దగ్గర ఎముక చిట్లిందన్నారు. మునివెంకటమ్మ ఆస్పత్రికి తీసుకుపోయింది. మెట్ల మీద జారానని చెప్పాను. కుడిచెయ్యి బాగుంది కాబట్టే అక్షరాలు కుదురుగా ఉన్నాయి. భయపడకు.

ఇది ఇవాళ్టిది కాదు. పాప పుట్టినప్పటి నుంచి ఉంది. రెండుసార్లు మన ఇంటికి వచ్చి, నాలుగు నెలలు ఉంటానంటే, రెండుసార్లూ అమ్మ ఆయనకు ఫోన్ చేసి పిలిపించింది. రెండోసారి కోడి కోసింది కూడా. నువ్వు నా బ్యాగు మోసుకుని కారులో పెట్టావు. ఎందుకొచ్చానని ఎవరూ అడగలేదు. అడిగితే నేను చెప్పి ఉండేదాన్ని.

అందుకే ఈసారి వస్తానని అడగడం లేదు. సైలెన్సర్ ఒక్కటే అడుగుతున్నాను. అది నీ చేతిలో ఉన్న పని. ఎవరితో తగువు పెట్టుకోనక్కరలేదు, ఎవరి ముఖానా ఏమీ అననక్కరలేదు. పెద్దది పెట్టు, చాలు.

అమ్మకు చెప్పకు. ఆయనకు అసలే చెప్పకు.

అక్క


చింతామణి,
జూన్ 10.

అక్కా,

నీ ఉత్తరం చదివిన రోజు అన్నం సహించలేదు. అంగడిలో కూర్చుని కూడా ఏ పనీ చేయలేకపోయాను. బావ చేయి చేసుకున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు. నిన్ను నమ్మలేదని కాదు. ఆయన ఫోన్లో మాట్లాడే తీరు వేరు, నువ్వు రాసింది వేరు, రెండూ ఒక మనిషి మీద ఎలా అతుకుతాయో నాకు తెలియడం లేదు. ప్లాంటులో పని ఒత్తిడి ఎక్కువైందేమో. మగవాడు బయట పడ్డ మాటలు ఇంట్లో దించుతాడు, అది తప్పే, కాదనను.

నేనేం చేయగలనో చెప్పు. వయసులో చిన్నవాడిని. అల్లుణ్ణి ముఖాన పట్టుకుని అడిగే వాడుక మన ఇళ్ళలో లేదు. నాన్న ఉన్నప్పుడైనా, పెద్దమనిషిగా సొన్నప్ప మామను ముందు పెట్టుకుని, తమాషాకు అన్నట్టు నాలుగు మాటలు వేసేవాడు. నువ్వు కూడా ఆయన కోపంగా ఉన్నప్పుడు ఎదురు చెప్పకుండా కొంచెం సర్దుకో. తెలియక కాదు, నీ మేలుకోరి చెబుతున్నాను.

సైలెన్సర్ మాట నాకు వదిలెయ్. పెద్ద సౌండుది అంగడిలో ఒకటి ఉంది, ఒక కాలేజీ కుర్రాడు వేయించుకుని, వాళ్ళ నాయన తన్నితే తిరిగి ఇచ్చేశాడు. ఇక్కడ స్టార్ట్ చేస్తే అవతల కైవారం ఊళ్ళో వినపడుతుంది. నా చేతులతో అలాంటిది వేయడం ఇష్టం లేకపోయినా నీ కోసం వేస్తాను. బావ ఇరవయ్యో తేదీ దాటాక కారు తెస్తానన్నాడు. మాట ఇస్తున్నాను.

చెయ్యి జాగ్రత్త. బరువులు ఎత్తకు.

మునీ


చింతామణి,
జూన్ 23.

అక్కా,

నిన్న బావ వచ్చాడు. శుభవార్తే రాస్తున్నాను, ముందు ఊపిరి పీల్చుకో.

అమ్మ తెల్లారే లేచి నాటుకోడి పులుసు, రాగిముద్ద చేసింది. బావ పీట మీద కూర్చుని, "అత్తమ్మా, ఈ రుచి మా ఇంట్లో లేదు" అన్నాడు. అమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి ఇంకో ముద్ద వేసింది. తర్వాత అంగడికి వచ్చాం. నీకిచ్చిన మాట ప్రకారం ముందు పెద్ద సౌండుదే బిగించి స్టార్ట్ చేశాను. వీధి వీధంతా తిరిగి చూసింది. బావ ముఖం చూడాలి నువ్వు, తిరునాళ్ళలో పీపీ కొనిచ్చిన పిల్లవాడిలాగా ఉంది. "ఇదేనప్పా, ఇదే" అన్నాడు. పని అక్కడితో అయిపోవాల్సింది.

అయితే నాకు ఒక ఆలోచన వచ్చింది. నాన్న చేసినట్టే, పరాచికంలో కలిపి నీ మాట ఆయన చెవిన వేద్దామని. ముఖాన అడగలేం కదా, నవ్వుతూ అంటే తగలాల్సిన చోట తగులుతుంది. అందుకని, "మా యక్క పిల్లి మెడలో గంట కట్టమంటా ఉండాది బావా. నువ్వు వచ్చేది మలుపు కాడనే తెలియాలంట" అన్నాను.

బావ పకపకా నవ్వాడు. "అట్లనా! ఎప్పుడు సెప్పింది మీ యక్క?" అన్నాడు. ఆయన నవ్వుతున్నాడు కదా అని నోరు జారింది. "ఉత్తరం రాసింది బావా" అన్నాను. "ఉత్తరమా? ఈ కాలంలో ఉత్తరాలు రాసేది మీ యక్క ఒక్కతే ఉండాదిలే" అని ఇంకా నవ్వాడు. టీ తెప్పించాను, తాగాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "తీసేయప్పా ఇది. నువ్వు ముందు సెప్పిందే కరెక్టు. సౌండు లేంది వెయ్యి" అన్నాడు.

నాకు కళ్ళు చెమర్చాయి అక్కా. మనిషికి అర్థమైంది. సిగ్గుపడ్డాడు. నువ్వు భయంతో చెవులు రిక్కించుకుని కూర్చోవడం ఆయనకు నచ్చలేదు, అందుకే సౌండే వద్దన్నాడు. ఇక నీకు ఆ గంట అక్కరలేదు. పెద్దమనుషులు, పంచాయితీ ఏదీ లేకుండా నవ్వులతో పోయింది.

వేసినది మాత్రం నా చేతి పనులన్నిటిలోకీ గొప్పది. కారు అంగడి ముందు నుంచి పోతుంటే టైర్ల కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అమ్మ నిమ్మకాయలు తొక్కించి పసుపు పెట్టింది. బావ చేత నీకు కజ్జికాయలు పంపాం, అందాయా?

మునీ


బొమ్మనహళ్ళి,
జూలై 6.

మునీంద్రకు,

కజ్జికాయలు అందాయి. కారు వచ్చిన సంగతి, కజ్జికాయల డబ్బా నా పక్కన పెట్టాకే తెలిసింది.

ఆ సాయంత్రమే నన్ను కిటికీ దగ్గర నిలబెట్టాడు. కారు తీసుకుని మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు. పైకి వచ్చి, "వినపడిందా?" అన్నాడు. లేదన్నాను. "మల్లా విను" అని మళ్ళీ పోయి వచ్చాడు. "ఇప్పుడు?" లేదన్నాను. "మీ తమ్ముడు మంచి పనోడు" అన్నాడు. ఆ రాత్రి ఇంకేమీ అనలేదు. ఉత్తరం మాట అడగనే లేదు. అడుగుతాడని ఎదురుచూస్తూ వారం గడిపాను. అడిగేసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆయన పొద్దున వస్తాడు, మధ్యాహ్నం వస్తాడు, పోయినవాడు పావుగంటకే తిరిగి వస్తాడు. ఒక్కోసారి కింద కారులోనే కూర్చుని ఉంటాడట, మునివెంకటమ్మ చూసింది. ఇంజను నడుస్తూనే ఉంటుందట. పోయిన శుక్రవారం నేను మిషను తొక్కుతుంటే తలుపులో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. మిషను మెట్ల మీద నుంచి కిందికి పోయింది. తర్వాత కింది ఇంటికి పోయి మునివెంకటమ్మను, "ఉత్తరాల యాపారం సేస్తా ఉండావా?" అని వీధిలో నిలబెట్టి తిట్టాడు. ఆమె తిరగబడింది. ఆ కోపం పైకి తెచ్చి నా మీద తీర్చుకున్నాడు. పాప ఇంట్లోనే ఉంది. పై ఇంటికి పంపే వ్యవధి లేదు కదా.

పాప ఇప్పుడు ఆడుకోవడం మానేసింది. బడి నుంచి రాగానే తలుపుకు చెవి ఆనించి కూర్చుంటోంది. నేను లేపినా లేవదు. "నాకు వినపడతాదిలే అమ్మా, నువ్వు కుట్టుకో" అంటుంది. కుట్టడానికి మిషను లేదని దానికి గుర్తుండదు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాకు తోడికోడలు లేదు. నవ్వింది నువ్వు.

చెప్పవద్దని రాశాను. అది ఒక్కటే రాశాను. ఆయనకు ఆ పెద్ద సౌండే నచ్చిందని నువ్వే రాశావు. నోరు మూసుకుని బిగించి పంపి ఉంటే ఈపాటికి నేను వింటూ ఉండేదాన్ని. ఆయన నవ్వుకు నువ్వు సంబరపడ్డావు. ఆ నవ్వు నేను రోజూ చూస్తాను, దాని తర్వాత ఏముంటుందో నాకు తెలుసు.

ఇంటి అడ్రసుకు ఇక రాయకు. రాస్తే మునివెంకటమ్మ పేరున యూనిట్ గేటుకు రాయి.

రంజిత


చింతామణి,
జూలై 13.

అక్కా,

ఎన్ని తిట్టినా పడతాను. మంచి చేయబోతే చెడైంది. నా ఉద్దేశం ఎలాంటిదో పైన దేవుడికి తెలుసు.

ఒక ఉపాయం ఆలోచించాను. లోపలి పీచు ఒకసారి మార్చాలని బావకు చెప్పి వచ్చే ఆదివారం నేనే బొమ్మనహళ్ళికి వస్తాను. కారు కిందికి దూరి, అతుకు దగ్గర చిన్న చిల్లి వేస్తాను. మొదట ఏమీ తెలియదు. వేడికి అది తానే పెద్దదవుతుంది, వారం తిరిగేసరికి దబదబమని కొట్టుకుంటుంది. పాత దానిలాగే మలుపు దగ్గరే వినపడుతుంది. పాడైపోయిందనుకుంటాడు గాని ఎవరికీ అనుమానం రాదు. నా పనికి చెడ్డపేరు వస్తే రానీ.

అమ్మకు చెప్పక తప్పలేదు. చాలా ఏడ్చింది. "ఆషాఢం పోనీ, శ్రావణంలో పసుపు కుంకుమకని పిలిపిద్దాం. నాలుగు నాళ్ళు ఉండి పోతాది బిడ్డ" అంటోంది.

మొన్న బావ ఫోన్ చేశాడు. నేనేమీ అడగకముందే ఆయనే, "నా కోపమే నాకు శత్రువప్పా మునీ, మీ యక్కతో నువ్వైనా సెప్పు" అని ఏడ్చాడు. అంత మనిషి ఏడుస్తుంటే వినలేకపోయాను. ధైర్యం చెప్పాను. మారతాడు అక్కా, కొంచెం వ్యవధి ఇవ్వు.

ఆదివారం వస్తున్నాను. పాపకు ఏం తేవాలో రాయి.

మునీ


జూలై 24.

మునీంద్రకు,

నువ్వు ఆదివారం వచ్చి, కారు కింద దూరి, చిల్లి వేసి పోయావు. ఉప్మా తిన్నావు. నా కట్టు చూశావు, పాప తలుపు దగ్గర కూర్చోవడం చూశావు. బావతో కలిసి టీ తాగావు. పోయేటప్పుడు మెట్ల మీద నా చెవిలో, "వారంలో వినపడతాది అక్కా" అన్నావు. అన్నీ తెలిశాక కూడా నువ్వు నాకు సైలెన్సరే ఇచ్చి పోయావు. మొదట అడిగింది నేనే, కాదనను. మన ఇంట్లో నాకు చోటు లేదని తెలిసి అడిగిన వస్తువు అది. చోటు ఉందని ఒక్కసారి అంటావేమోనని, నువ్వు బూట్లు వేసుకునేదాకా నిలబడి చూశాను.

బుధవారం ఆయన ప్లాంటుకు పోయాక, పాప బడి బ్యాగులో బట్టలు సర్దుకుని ఇద్దరం బస్సెక్కాం. పట్టపగలే వచ్చాం. ఎవరూ ఆపలేదు. ఇన్నేళ్ళూ ఎవరైనా ఆపుతారనే అనుకున్నాను.

పని దొరికింది. పడుకోవడానికి చోటుంది. పాప రెండు రోజులు తలుపు దగ్గరే కూర్చుంది, ఇవాళ ఎదురింటి పిల్లలతో బయటికి పోయింది. మునివెంకటమ్మను పోయి విసిగించకండి. ఎక్కడికి పోతున్నానో తనకు కూడా తెలియకూడదని, నన్ను చెప్పనివ్వకుండా పంపించింది.

పైన ఊరి పేరు రాయలేదని చూసి ఉంటావు. మీ బావ నీకు ఫోన్ చేస్తాడు, ఈపాటికి చేసే ఉంటాడు. మర్యాదగా మాట్లాడతాడు, అమ్మ మోకాళ్ళు అడుగుతాడు, ఏడుస్తాడు. నీకు జాలి వేస్తుంది. నేనెక్కడున్నానో తెలిస్తే చెప్పేస్తావు. నా మేలుకోరే చెబుతావు.

కోపంతో ఇలా చేశానని అమ్మతో అనకు. కోపమే అయితే, తగ్గాక అడ్రసు రాసేదాన్ని.

రంజిత